మలగాసీ, షోనా: చుట్టాలా, పొరుగువారా?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశమంతా కరవు భత్యం బకాయిలతోనే సరిపోయింది. ఈసారి మరేదైనా చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ. మా అల్లుడు ఉద్యోగరీత్యా జింబాబ్వే రాజధాని హరారేలో ఉన్నప్పుడు నేనూ, మా ఆవిడా ఆరు నెలలు అక్కడున్నాం. అక్కడి షోనా భాష కొంత చెవిన పడింది. తిరిగి వచ్చాక పక్కనున్న మడగాస్కర్ భాష, మలగాసీ, గురించి దొరికినంత చదివాను. నేను భాషా పండితుణ్ణి కాను. ఫైలు పక్కన ఫైలు పెట్టి సరిచూడటం నా ఉద్యోగం. ఇక్కడా ఆ పనే చేస్తున్నాను.

పటంలో చూస్తే మడగాస్కర్ ఆఫ్రికాను ఆనుకునే ఉంటుంది. మధ్యనున్న మొజాంబిక్ జలసంధి సన్నగా ఉన్నచోట 400 కిలోమీటర్లే. కాబట్టి రెండూ "ఆఫ్రికా భాషలే" అనుకుంటాం. అంకెలు లెక్కపెట్టి చూడండి. రెండు, నాలుగు, ఆరు అనడానికి షోనాలో పిరి, ఇనా, తన్హతు. మలగాసీలో రువ, ఎఫట్ర, ఎనిన. ఇప్పుడు తూర్పున మలయా భాష అడగండి: దువా, ఎంపత్, ఎనమ్. చుట్టరికం ఎటువైపో తెలిసిపోతోంది కదా! మలగాసీకి అతి దగ్గరి బంధువు బోర్నియో దీవి దక్షిణాన మాన్యాన్ అనే భాష అని నార్వే పండితుడు ఓటో డాల్ 1951లో సోదాహరణంగా చూపించాడు. అంటే ఎన్నో వందల ఏళ్ల కిందట ఆ ప్రాంతం వాళ్లు పడవల మీద హిందూ మహాసముద్రం దాటి వచ్చారన్నమాట. షోనా మాత్రం బంటూ కుటుంబానిది. స్వాహిలీ, జులూ దాని అక్కచెల్లెళ్లు.

మరి పొరుగు సంబంధం ఏమీ లేదా అంటే, ఉంది. పెరట్లోకి వెళ్లి చూడాలి. కోడిని షోనాలో హుకు అంటారు, మలగాసీలో అకుహు. గినీకోడి అక్కడ హంగ, ఇక్కడ అకంగ. ఆవు మోంబె, ఉంబి. కుక్క ఇంబ్వ, అంబువ. ఇవి షోనా నుంచే నేరుగా వెళ్లాయని కాదు. తూర్పుతీరపు బంటూ భాషల నుంచి వెళ్లినవి. అంకెలు పుట్టింటివి, పశువుల పేర్లు పొరుగింటివి. పడవలో వచ్చినవాళ్లు పశువుల పెంపకాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఈ మాటలే సాక్ష్యం చెబుతున్నాయి.

వాక్యం కట్టే తీరు మరీ చిత్రం. మనం "విద్యార్థి పుస్తకం చదువుతాడు" అంటాం. షోనావారు "విద్యార్థి చదువుతాడు పుస్తకం" అంటారు. మలగాసీవారు "చదువుతాడు పుస్తకం విద్యార్థి" అంటారు. ఎవరు చదివారో తెలియాలంటే చివరిదాకా ఓపిక పట్టాలి. కొన్ని సర్కారు ఉత్తర్వుల్లాగే!

షోనాలో ఏకవచనం, బహువచనం మాట ముందుభాగంలో మారతాయి. మనిషి మున్హు, మనుషులు వన్హు. ఇల్లు ఇంబ, ఇళ్లు జింబ. రాతి ఇళ్లు అనే అర్థంలోంచే జింబాబ్వే పేరు వచ్చిందని చెబుతారు. మలగాసీలో ఈ బెడద లేదు. ఇల్లయినా ఇళ్లయినా ట్రను అన్న ఒక్క మాటే.

నన్ను బాగా ఆకట్టుకున్నది మర్యాద. షోనాలో పిల్లవాడు వస్తే "అవుయ" అంటారు, నాన్న వస్తే "వవుయ" అంటారు. మొదటిది ఏకవచనం, రెండోది బహువచనం. వచ్చాడు, వచ్చారు అని మనం అన్నట్టే! మలగాసీవారు అలా చేయరు. మాట చివర "తుంపుకు" చేరుస్తారు. "ఎని తుంపుకు" అంటే "అవునండి". ఆడవారికైనా మగవారికైనా అదే. మనకు గారూ ఉంది, అండీ ఉంది. ఇద్దరి పద్ధతులూ ఒక్క వాక్యంలోనే వాడేస్తాం.

ఇక మనం, మేము. ఈ తేడా ఇంగ్లీషులో లేదు, షోనాలోనూ లేదు. అక్కడ రెంటికీ "ఇసు" ఒకటే. మలగాసీలో మాత్రం ఉంది. ఎదుటివారిని కలుపుకుంటే "ఇసిక", కలుపుకోకపోతే "ఇజహాయ్". ఇసిక అనగానే మనకు ఇసుక గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు లెండి. అమెరికాలో పుట్టిన మా మనవడు ఫోనులో "తాతయ్యా, మేము గుడికి వెళ్దామా?" అంటాడు. వాడి ఉద్దేశం నన్ను తీసుకెళ్లాలనే. కానీ వాడి మాట నన్ను గుమ్మం బయటే నిలబెడుతోంది. తెలుగుతో ఏ చుట్టరికమూ లేని ఆ దీవిలో పసిపిల్లలు పాటించే తేడా మన ఇళ్లల్లో జారిపోతుంటే నాకు బాధగానే ఉంది. నెలకోసారైనా పిల్లలను సరిదిద్దండి, ముద్దుగా ఉందని వదిలేయకండి.

మనవాటా కొంచెం లేకపోలేదు. మలగాసీలో లక్షను "హెత్సి" అంటారు. అది సంస్కృత "కోటి"యే. మలయా దీవులు చేరేసరికే లక్షకు దిగిపోయింది. 99 లక్షల కోత, ఏ ఆడిటు అభ్యంతరమూ లేకుండా!

చివరగా ఆఫీసు సంగతి. మడగాస్కర్‌లో రాజు మొదటి రదామా 1820లలో రోమన్ లిపిని స్వీకరించాడు. 1896లో ఫ్రెంచివారు ఆక్రమించుకునేలోగానే అక్కడి గుమాస్తాలు రాజ్యవ్యవహారాలు మలగాసీలో రాసి దస్త్రాలు పెట్టారు. స్వాతంత్ర్యం 1960లో వచ్చింది. 1970లలో బడుల్లో మలగాసీని నిలబెట్టారు, 1990లలో మళ్లీ ఫ్రెంచికి దారి వదిలారు. షోనాకు ఆ పాత దస్త్రాలు లేవు. ఒక్కో మిషను ఒక్కో మాండలికాన్ని ఒక్కో తీరున రాస్తుంటే, క్లెమెంట్ డోక్ అనే పండితుడు 1931లో నివేదిక ఇచ్చి ఒకే రాతకు పునాది వేశాడు. 2013 రాజ్యాంగం షోనాతో కలిపి 16 భాషలను గుర్తించింది. మన అధికార భాషా చట్టం 1966 నాటిది. నా పెన్షను ఉత్తర్వు మాత్రం ఇంగ్లీషులోనే వచ్చింది. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ చదవలేదు. రేపు కుటుంబ పెన్షను కోసం ఆ కాగితం పట్టుకుని తిరగవలసింది ఆవిడే.

ఈ మాటల పట్టికను తెలుగు అక్షరాల్లో రాసి, అట్టఫైలులో కుట్టి కార్యదర్శి గారికి ఇచ్చాను. చూడదలచినవారు రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లవచ్చు. సెలవు.