ఛాయాచిత్రములు: వాని పేరులు, వాని వరుస



పూర్వము మన గ్రామములలో వివాహము జరిగినచో పట్టణమునుండి ఛాయాచిత్రకారుడు వచ్చి, వధూవరులను బంధువులను వరుసగా కూర్చుండబెట్టి, ఒకటి రెండు చిత్రములు తీసి పోవువాడు. ఆ చిత్రమునకు చట్టము కట్టించి గోడకు వ్రేలాడదీసెడివారు. అందున్న వారెవరో ఇంటి పిల్లలకు సైతము కంఠస్థముగ నుండెడిది. నేడు ఒక్క వివాహమునకు వేలకొలది చిత్రములు తీయబడుచున్నవి. కాని పదేండ్లు గడచిన పిమ్మట తాతగారు కాళ్లు కడిగి కన్యాదానము చేయుచున్న చిత్రము కావలెనన్న, అది యెవరి ఫోనులో నున్నదో, ఏ పేరుతో నున్నదో చెప్పగలవారు దొరకరు. ఇది లేమివలన వచ్చిన చిక్కు కాదు, కలిమివలన వచ్చినది. ఇట్టి చిత్రములను క్రమపఱచి పేరులు పెట్టుటనుగూర్చి, అందు పెద్దలు చేయవలసిన పనినిగూర్చి నేడు మనవి చేసెదను.

మొదట కెమెరా తన చిత్రములకు పేరు పెట్టు విధమును తెలిసికొనవలెను. నేటి కెమెరాలో చిత్రము అంకెల రూపమున ఒక చిన్న మెమొరీ కార్డుపై నిలిచియుండును. ఒక్కొక్క చిత్రము ఒక్కొక్క ఫైలు. ఈ ఫైళ్ల పేరులకు జపాను దేశమున 1998 వ సంవత్సరమున ఒక నిబంధన యేర్పడినది. దాని ప్రకారము పేరునందు ఎనిమిది స్థానములుండును. మొదటి నాలుగు కెమెరా చేసినవారి యిష్టము, కొందఱు ఐ.ఎమ్.జి. యనియు, కొందఱు డి.ఎస్.సి. యనియు ఆరంభింతురు. కడపటి నాలుగును 0001 మొదలు 9999 వఱకు గల అంకెలు. అనగా కెమెరా వేయునది వరుససంఖ్య మాత్రమే. పేరు పెట్టు పని మనకే మిగిలియున్నది.

మన పూర్వులు తాళపత్ర గ్రంథములలో ఆకుల అంచున సంఖ్యలు వేసెడివారు. ఒక్క కట్టకు ఆ సంఖ్యలు చాలును. రెండు కట్టలు విప్పి ఆకులు కలిపివేసినచో, పదవ ఆకులు రెండు కనబడును. ఏది యే గ్రంథమునకు చెందినదో సంఖ్య చెప్పజాలదు. రెండు కెమెరాల చిత్రములను ఒకచోట చేర్చినప్పుడు జరుగునది యిదియే. ఇచ్చట అపాయము మఱికొంత హెచ్చు. కలిసిపోయినను తాటియాకులు రెండును మిగిలియుండును. కంప్యూటరులోనో, ఒకే ఫోల్డరునందు ఒకే పేరుగల ఫైళ్లు రెండు నిలువవు. రెండవదానిని తెచ్చి వేయునపుడు, పాతదానిని తీసివేసి దీనిని ఉంచుమందురా యని యంత్రము ప్రశ్నించును. తొందరలో సరే యన్నచో మొదటి చిత్రము పోవును.

ఒకే కెమెరా యున్నవారును నిశ్చింతగ నుండరాదు. 9999 దాటిన పిమ్మట లెక్క మరల 0001 తో ఆరంభమగును. మన సంవత్సర నామములును ఇట్టివే గదా! శోభకృత్ సంవత్సరమన్నంత మాత్రమున అది 1963 లో వచ్చినదో, 2023 లో వచ్చినదో తెలియదు. అఱువది యేండ్లకొకమాఱు ఆ పేరు తిరిగివచ్చుచుండును. అందుచేతనే పెక్కు శాసనములలో సంవత్సర నామముతోపాటు శకవర్షసంఖ్యను గూడ చెక్కించిరి. కెమెరా సంఖ్యకును అట్లే తోడుగ కాలమును చేర్చవలెను.

ఆ కాలమును కనుగొనుట కష్టము కాదు. ప్రతి చిత్రపు ఫైలు లోపల, పైకి కనబడకుండ, ఒక చిన్న చిట్టా యుండును. చిత్రము తీసిన తేదీ, గంట, నిమిషము, సెకండు, కెమెరా రకము అందు నమోదగును. దీనికి ఎక్సిఫ్ అని పేరు. ఇదియు 1995 లో జపానులోనే పుట్టినది. మనము అనుమతించినచో ఫోనులు స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములను గూడ అందు వ్రాయును. అయితే ఆ చిట్టాలోని కాలము కెమెరా గడియారము చెప్పినది. గడియారము తప్పినచో చిట్టాయు తప్పును.

ఉదాహరణమునకు ఒక వివాహమును ఊహింతము. 2024 వ సంవత్సరము ఫిబ్రవరి 18 వ తేదీ, ఆదివారము, రాత్రి 9 గంటల 30 నిమిషములకు సుముహూర్తము. పట్టణపు ఛాయాచిత్రకారునిది ఒక కెమెరా. న్యూయార్కునుండి వచ్చిన పెద్దల్లునిది రెండవది. మనుమని చేతిలో ఒక ఫోను. పెద్దల్లుని కెమెరా గడియారము న్యూయార్కు కాలముననే యున్నది. శీతకాలమున అచ్చటి కాలము మనకంటె 10 గంటల 30 నిమిషములు వెనుక. కావున జీలకఱ్ఱ బెల్లము పెట్టు చిత్రము ఆయన కెమెరాలో ఉదయము 11 గంటలదిగా నమోదగును. మూడింటి చిత్రములను కాలక్రమమున పేర్చినచో, సాయంకాలము 6 గంటలకు జరిగిన ఎదురుకోలుకు ముందే జీలకఱ్ఱ బెల్లము ముగిసినట్లు కనబడును! మనము చూచినవారము గనుక నవ్వి యూరకుందుము. రేపు పుట్టబోవు బిడ్డకు ఏది ముందో ఏది వెనుకో ఎవరు చెప్పుదురు?

దీనికి సులభోపాయము కలదు. వేడుక ఆరంభమగుటకు ముందు అన్ని కెమెరాలతోను, అన్ని ఫోనులతోను ఒకే గోడగడియారమును చిత్రము తీయవలెను. ఆ చిత్రములోని ముండ్లు చూపు కాలమునకును, చిట్టాలోని కాలమునకును గల భేదమే ఆ కెమెరా తప్పు. అట్లు చేయుట మఱచినచో మంగళసూత్రధారణ వంటి ఒక క్షణమును రెండు కెమెరాలలోను వెదకి, వాని కాలములను పోల్చిచూడవలెను. తేలిన భేదమును ఆ కెమెరా చిత్రములన్నిటికిని కలుపవలెను. వేయి చిత్రములను ఒక్కమాఱే సరిదిద్దుటకు ఎక్సిఫ్‌టూల్ వంటి ఉచిత సాధనములు కలవు. చిట్టాలోని కాలమునుబట్టి పేరులు మార్చుటయు వానిచేతనే జరుగును. కంప్యూటరు నేర్చిన మనుమడు ఒక పూటలో ఈ పని చేయగలడు.

ఇక పేరు పెట్టు క్రమము. మొదట సంవత్సరము, పిదప మాసము, పిదప దినము, అటుపిమ్మట గంట, నిమిషము, సెకండు. తరువాత ఏ కెమెరాయో ఆ గుర్తు. చివర కెమెరా వేసిన పాత సంఖ్య. పై వివాహములోని యొక చిత్రము పేరిట్లుండును: 2024-02-18-213005-కెమెరా2-0457. సంవత్సరమును ముందుంచుటకు కారణము కలదు. యంత్రము పేరులను ఎడమనుండి కుడికి చూచి పేర్చును. మన వాడుక చొప్పున దినమును ముందు వ్రాసినచో, మార్చి 5 వ తేదీ చిత్రము ఫిబ్రవరి 18 వ తేదీ చిత్రమునకు ముందు వచ్చి నిలుచును. సంవత్సరము ముందున్నచో కాలక్రమము తనంతట నిలుచును. తేదీని ఈ విధముగ వ్రాయుటకు 1988 నుండి అంతర్జాతీయ ప్రమాణము గూడ నున్నది. రెండవ మాసమును 02 అని రెండంకెలతో వ్రాయవలెను. ఫైలు పేరు చివర చుక్కయు, దాని తరువాత కొన్ని అక్షరములును ఉండును, వానిని ముట్టరాదు. ఒక్కొక్క వేడుకకు ఒక్కొక్క ఫోల్డరు చేసి, 2024-02-18-సీత వివాహము అని తేదీతో పేరు పెట్టినచో చాలును. నేటి యంత్రములు తెలుగు లిపిని స్వీకరించును.

వాట్సాప్ ద్వారా చిత్రములు తెప్పించుకొనువారికొక హెచ్చరిక. సాధారణముగ పంపిన చిత్రము అచ్చట కుదింపబడును. లోపలి చిట్టాయు తొలగిపోవును. ఫోనులో దానికి పడు పేరులోని తేదీ చిత్రము తీసిన దినమును తెలుపదు. కావున డాక్యుమెంటుగా పంపుమని బంధువులను కోరుట మేలు. అట్లు పంపినచో మూలము చెడకుండ వచ్చును.

పెద్దలారా, ఇంతవఱకు చెప్పినది యంత్రము చేయు పని. ఇక మీరు తప్ప యెవ్వరును చేయజాలని పని యొకటి కలదు. కెమెరా కాలమును చెప్పును, స్థలమును చెప్పును. నేటి సాధనములు కొన్ని ముఖములను పోల్చి, ఈ పది చిత్రములలోను ఉన్నది ఒక్కరే యని సైతము చెప్పును. ఆ యొక్కరు ఎవరన్నది మాత్రము ఎవరో ఒకరు చెప్పనిదే దానికి తెలియదు. పందిరి గుంజనానుకొని నిలుచున్న వృద్ధురాలు వరుని మేనత్తయా, పొరుగూరి వియ్యపురాలా యన్నది మీరెఱుగుదురు. మన యిండ్లలో తాతపేరు మనుమలకు పెట్టు ఆచారము కలదు. ఒక్క తాతకు ముగ్గురు కుమారులున్నచో ఒకే పేరుగల మనుమలు ముగ్గురుండవచ్చును. వట్టి పేరు వ్రాసిన చాలదు. ఇంటిపేరు, తండ్రిపేరు, ఊరు గూడ వ్రాయవలెను. పెద్దమ్మ, చిన్నమామ యని వరుసలు మాత్రము వ్రాయరాదు. మీకు పెద్దమ్మయైన యామె మీ మనుమనికి మఱియొక వరుస యగును గదా.

కావున ఒక పొడుగుపాటి పుస్తకమును తీసికొనుడు. వేడుకకు ఇరువదియో ముప్పదియో ముఖ్యచిత్రములను ఎన్నుకొనుడు. ఒక్కొక్క చిత్రపు పేరు వ్రాసి, దాని క్రింద ఎడమనుండి కుడికి వరుసగా ఎవరెవరున్నారో వ్రాయుడు. చేయి వణకినచో మీరు చెప్పుడు, మనుమరాలు వ్రాయును. ఆ వ్రాతను చిత్రపు ఫైలు లోపలనే వివరణగా చేర్చు వసతియు నేడు కలదు, పిల్లలు చేర్చగలరు. పిదప చిత్రములకు మూడు ప్రతులు చేయించి, అందొకటి వేఱొక యూరిలోని బంధువులయింట నుంచుడు. ఇంటికి నిప్పంటినను, వఱద వచ్చినను అది మిగులును. ప్రతులు తెఱచి సరిచూచుకొనువఱకు మెమొరీ కార్డును తుడిచివేయరాదు.

చిత్రము పోయినచో పోయినదని తెలియును. పేరు పోయిన చిత్రము ఇంటిలోనే యుండి పరాయిదగును. మూడు తరముల పిమ్మట ఒక బిడ్డ ఆ ముఖమును చూచి, "ఈయన యెవరు?" అని అడిగినచో, అప్పటికి చెప్పువారుండరు, పుస్తకము చెప్పవలెను. సంక్రాంతికి పిల్లలందఱును ఇల్లు చేరుదురు. భోజనములైన పిమ్మట వారిని కూర్చుండబెట్టుకొని ఈ పని మొదలుపెట్టుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.