మైనపు రంగులు – గంటపు గీతలు



పిల్లలకు గీకుడు చిత్రం నేర్పడానికి దళసరి కాగితం, మైనపు రంగులు, కొబ్బరి ఈనె చాలు. ముందుగా పసుపు, గులాబి, నీలి రంగులను కాగితపు తెలుపు కనిపించనంత ఒత్తుగా పూయించాలి. దానిపై నలుపు రుద్ది, ఈనెతో గీయిస్తే అడుగు రంగులు వెలుగుతాయి. అడుగుపూత పలుచనైతే కాగితం చిరుగుతుంది. తొందరపడే పిల్లలకు జరిగేది ఇదే.

పూర్వులు తాటాకుపై గంటంతో వ్రాసి, పిమ్మట మసి పూసేవారు. ఇక్కడ మసి ముందు, గీత వెనుక!

ఈ గీత రబ్బరుతో చెరగదు కనుక పిల్లలు మొదట జంకుతారు. వంకరపోయిన గీతను రాజహంస మెడగా మలచుకొమ్మనాలి. శీతకాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే ఆ పక్షులు వారెరిగినవే.

2006 నాటి చట్టం తమిళనాట తమిళాన్ని నిర్బంధ పాఠ్యాంశం చేసింది. తమిళం నేర్వవలసిందే, తెలుగు వ్రాత మాత్రం చేయి జారరాదు. బొమ్మ క్రింద ఊరిపేరు తెలుగులో గీయించాలి. ‘పళవేర్కాడు’లో ‘ళ’ తప్పితే, మళ్ళీ నలుపు రుద్ది గీయించవచ్చు.