సర్కారు పాఠశాలలు – దాతల ధర్మము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ముప్పదియైదేండ్లు సర్కారు పాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి నొందినవాడను. ధనమును గూర్చి మాటలాడుటకు నాకేమి యర్హత యని మీరడుగవచ్చును. కాని మన సంఘము ఈ యూరి సర్కారు పాఠశాలను దత్తతగొని, ద్వారముపై సంఘనామమును చెక్కించి, పాలనయందు మన ప్రతినిధులను నిలుపవలెనను తీర్మానము నేటి సాయంకాలము సభ ముందునకు రానున్నది. దానిని గూర్చి మాటలాడక యింటికి పోజాలను.

1854వ సంవత్సరమున చార్లెస్ ఉడ్ దొరగారి విద్యాలేఖ వెలువడిన పిదప, ప్రజలు పాఠశాల నెలకొల్పగా ప్రభుత్వము తనిఖీచేసి సహాయద్రవ్య మొసగు పద్ధతి యేర్పడెను. నేడు ప్రవాహము తలక్రిందైనది: పాఠశాల ప్రభుత్వముది, ద్రవ్యము పరులది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ననుసరించి, పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకహితమునకు వెచ్చింపవలయును. అందు విద్యయు నొకటి. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వము, దాత కోరినచో అతని పేరును కొంతకాలము పాఠశాల పేరునకు జతచేయుటకు అనుమతించెను.

ఆంగ్లదేశమున 2000వ సంవత్సరమున ప్రకటింపబడిన అకాడమీ పాఠశాలల కథ మనము వినదగినది. మొదట దాత యిరువదిలక్షల పౌన్ల వరకు ఇచ్చెడివాడు. భవనవ్యయములో అధికభాగమును, ఏటేటి ఖర్చును ప్రభుత్వమే భరించెను. పాలకమండలిలో అధికసంఖ్యాకులను నియమించు హక్కు మాత్రము దాతకు దక్కెను. 2009లో ఆ ధననియమమును తొలగించిరి. అధికారము పోషకుల చేతనే నిలిచెను. ఇచ్చినది స్వల్పము, పొందినది యనల్పము.

నేను పనిచేసిన యొక పాఠశాలలో ఒక దాత నీళ్లతొట్టి కట్టించి, తన పేరు పెద్దయక్షరములతో వ్రాయించెను. మూడేండ్లకు తొట్టి పగిలెను. అధికారి నడుగగా “అది దాతది” యనెను. దాత నడుగగా “అది సర్కారుది” యనెను. ఏడాదికాలము ఆడపిల్లలు బిందెలతో వీధికొళాయికి నడచిరి. పేరు మాత్రము చెక్కుచెదరలేదు. ఆ పిల్లల వెంట నడచినవాడను కనుక నేడిట్లు మాటలాడుచున్నాను.

దత్తత యను మాటను తేలికగా వాడుచున్నాము. శాస్త్రప్రకారము దత్తపుత్రుడు జన్మగోత్రమును విడిచి, దత్తతగొన్నవారి గోత్రమును పొందును. ఊరందరిదైన బడిని మనము దత్తతగొన్నచో దాని గోత్రము మార్చినట్లే గదా! ఆ బడిలో మన పిల్లలు కొందరే. తక్కినవారు అన్ని కులములవారు. ద్వారముపై మన కులనామమును చదివి లోనికి వచ్చు పసివాడు, తాను పరులయింట చదువుకొనుచున్నానని యనుకొనడా? ఒకప్పుడు బడిగడప తొక్కనీయని కులనామములను మనమెరుగుదుము. మనము మరియొక గడపను కట్టవలదు.

ఇచ్చుట మానుడని నేననుట లేదు. ఇచ్చు విధమును మార్చుకొందము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 21వ సెక్షను, మూడువంతులకు మించి తల్లిదండ్రులుండవలసిన నిర్వహణకమిటీకి, ప్రభుత్వమునుండి గాని యితరులనుండి గాని వచ్చు ద్రవ్యవినియోగమును పరిశీలించు పనిని అప్పగించినది... కాదు, సరిగా చెప్పవలెనన్న, నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెనని చట్టము. మార్గము మనకు సిద్ధముగానే యున్నది.

కావున తీర్మానమునకు మూడు సవరణలు ప్రతిపాదించుచున్నాను. మొదటిది: ద్రవ్యమును ఆ కమిటీ ముందుంచి, వారు కోరిన పనికే యీయవలెను, పేరునుగాని స్థానమునుగాని మనము కోరరాదు. రెండవది: కట్టించుటకిచ్చు సొమ్ములో నాలుగవవంతు మరమ్మతుల నిధిగా నుంచవలెను. మూడవది: మన దానము ప్రభుత్వబాధ్యతకు ప్రత్యామ్నాయము కారాదు. గోడకు సున్నము మనము వేయింపగలము, ఉపాధ్యాయుని నియమింపజాలము. ఖాళీలను నింపుడని యేటేట మహజరు నంపుటయు మన దానములో భాగమే.

శిలపై పేరు లేకున్నను, ఆ బడిలో చదివిన బిడ్డ యొకడు రేపు తన యూరిబడికి తానును ఏదో యిచ్చునేని, మన సంఘమునకు అంతకంటె కీర్తి యేమికలదు? పెద్దలు విచారింతురు గాక! స్వస్తి.