క్రిస్మస్ వారంలో పెళ్లిరోజు

(2025 డిసెంబరు 14 ఆదివారం నాడు జరిగిన స్టాఫ్ కుటుంబాల సెమీ క్రిస్మస్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. "సార్, టార్గెట్ల ఊసు మాత్రం ఎత్తొద్దు" అని ముందే మాట తీసుకున్నారు. ఎత్తను. మన మెదక్ వైపు బ్రాంచీల్లో పనిచేస్తున్న ఒక చిన్న కుటుంబం గురించి చెబుతాను. అతను అసిస్టెంట్ మేనేజరు. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. మూడేళ్ల పాప. ముగ్గురూ ఈ హాల్లోనే ఉన్నారు. చెప్పడానికి ఒప్పుకున్నారు గానీ పేర్లు వద్దన్నారు. కాబట్టి దయచేసి ఎవరూ వెనక్కి తిరిగి వెతక్కండి.

వాళ్ల పెళ్లి 2021 డిసెంబరు 28న గుంటూరులో జరిగింది. మా క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ వారంలో పెళ్లిళ్లు ఎక్కువ. దానికి కారణాలు చాలా మామూలువి. హైదరాబాదులో ఉన్నవాడు, బెంగళూరులో ఉన్నవాడు, గల్ఫ్‌లో నర్సుగా చేస్తున్న మేనత్త కూతురు, అందరూ పండక్కి ఎలాగూ ఊరికి వస్తారు. ఇంటికి సున్నం ఎలాగూ వేసి ఉంటుంది. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు డబ్బాల్లో ఉండనే ఉంటాయి. ఇంకొకటి, అది ధనుర్మాసం. హిందువుల ఇళ్లలో ముహూర్తాలు ఉండవు గనుక ఫంక్షన్ హాళ్లు ఖాళీ, వంటవాళ్లు ఖాళీ, బ్యాండువాళ్లు బేరానికి దిగుతారు. ఎంబీఏలో డిమాండ్, సప్లై అని రెండు పేపర్లు రాసి నేను నేర్చుకున్నది మా అమ్మమ్మకు ముందే తెలుసు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానావారి అబ్బాయికి, ఫలానావారి అమ్మాయికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. పెళ్లికొడుకు ఆ మూడు వారాలూ తల వంచుకునే కూర్చుంటాడు. మా పెళ్లిళ్లకు వర్తించే చట్టం 1872 నాటిది. మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్లి జరిపించాలంటుంది. అర్ధరాత్రి ముహూర్తానికి అక్షింతలు పట్టుకుని నిద్ర ఆపుకున్న నా హిందూ మిత్రులు ఈ ఒక్క విషయంలో మమ్మల్ని చూసి కొంచెం అసూయపడతారు.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు కూడా ఉంది. పెళ్లి సులువుగా అయిపోతుంది గానీ, ఆ తర్వాత ఏటా పెళ్లిరోజును పండగ మింగేస్తుంది. 25న చర్చి, చుట్టాలు. 26న పాడైన కడుపు. 27న తిరుగు ప్రయాణాలు. 28 వచ్చేసరికి ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదు. పైగా మనం బ్యాంకువాళ్లం, 31కి క్వార్టర్ ముగింపు.

మా అమ్మానాన్నల పెళ్లిరోజు కూడా ఈ వారంలోనే, డిసెంబరు 30. మా నాన్నగారు తెనాలిలో ఒక బ్యాంకులో క్లర్కు. అప్పట్లో బ్యాంకుల వార్షిక ముగింపు మార్చి 31 కాదు, డిసెంబరు 31. 1989లో గానీ అది మార్చికి మారలేదు. ఇక్కడున్న రిటైరైన పెద్దలకు ఇది బాగా తెలుసు, తలలు ఊపుతున్నారు కూడా. పండగ మర్నాటి నుంచి లెడ్జర్ల బ్యాలెన్సింగు, వడ్డీ లెక్కలు, ఫెసిట్ మెషిన్ గరగరలు. ఏడు పైసలు తేడా వస్తే ఆ ఏడు పైసల కోసం పదిమంది రాత్రంతా కూర్చునేవాళ్లు. 1987 డిసెంబరులో నాకు ఎనిమిదేళ్లు. పెళ్లిరోజు రాత్రి మా అమ్మ క్యారేజీ కట్టి, నన్ను వెంటబెట్టుకుని బ్రాంచికి నడిచింది. నాన్న బయటకు వచ్చి, క్యారేజీ అందుకుని, "తేడా దొరికింది" అన్నారు. ఆ మాటకు అమ్మ ముఖం వెలిగింది. మిగిలినవాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు గానీ, ఈ హాల్లో అర్థం కానివాళ్లు ఉండరు.

సరే, మన కుటుంబం దగ్గరికి వస్తాను. వాళ్ల మొదటి పెళ్లిరోజుకి, అంటే 2022లో, ఆమె పురిటికి వెళ్లి గుంటూరులో పుట్టింట్లో ఉంది. పాపకి నెల దాటింది. అతను క్రిస్మస్‌కి వెళ్లి, 28కి ఒక్కరోజు సెలవు పొడిగించుకున్నాడు. చీర తీసుకెళ్లాడు, కేకు తెచ్చాడు. కేకు కోశాక ఆ అమ్మాయి అడిగింది, "ఏవండీ, మీ కాగితాలు ఎక్కడుంటాయి?" అని.

"ఏ కాగితాలు?"

"అన్నీ."

పెళ్లిరోజున అడగాల్సిన ప్రశ్నేనా అనిపిస్తుంది. కానీ ఆమె అలా అడగడానికి కారణం ఉంది. వాళ్ల నాన్న ఒక ప్రైవేటు కంపెనీలో డ్రైవరు. 2009 నవంబరులో గుండెపోటుతో పోయారు. ఈ అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. పీఎఫ్ ఫారంలో పెళ్లికి ముందు రాసిన తమ్ముడి పేరే ఉంది. బ్యాంకు ఖాతాకి నామినేషనే లేదు. వాళ్లమ్మ ఎమ్మార్వో ఆఫీసుకి, కోర్టుకి, కంపెనీకి కలిపి పద్నాలుగు నెలలు తిరిగింది. ప్రతిచోటా కావాల్సింది ఒక్క కాగితమే, అయితే ఒక్కోచోట ఒక్కోటి. ఆ క్రిస్మస్‌కి ఆ ఇంటి మీద నక్షత్రం వెలగలేదు. రెండేళ్ల తర్వాత బీరువా అర సర్దుతుంటే, అడుగున పరిచిన పేపరు కింద ఒక ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు కనపడింది. మొత్తం పెద్దదేమీ కాదు. కానీ ఆ రెండేళ్లలో అది చేతిలో ఉండి ఉంటే ఆ అమ్మాయి ఒక ఏడాది చదువు ఆపాల్సి వచ్చేది కాదు.

ఇది వినగానే మనవాడు "ఏం ఫరవాలేదు, నేను బ్యాంకువాణ్ణి" అన్నాడట. ఈ మాట మన బ్రాంచీల్లో చాలాసార్లు విన్నాను. రోజుకి పదిమంది ఖాతాదారులకు నామినేషన్ రాయించే చెయ్యి తన ఫారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. తిరిగొచ్చాక సర్వీసు ఫైలు తీసి చూసుకున్నాడు. అన్నింట్లోనూ అన్నయ్య పేరే.

అతనికి తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. అన్నయ్య, వదిన పెంచి చదివించారు. ఉద్యోగంలో చేరిన రోజు గ్రాట్యుటీ నామినేషన్‌లో అన్నయ్య పేరు రాశాడు. అప్పటికి అది సరైనదే. కుటుంబం లేనివాళ్లు ఎవరి పేరైనా రాయొచ్చు. కానీ పెళ్లయి కుటుంబం ఏర్పడిన వెంటనే ఆ నామినేషన్ దానంతటదే చెల్లకుండా పోతుంది. కుటుంబసభ్యుల పేరుతో కొత్తది ఇవ్వాలి. పీఎఫ్‌లోనూ ఇదే పద్ధతి. సేవింగ్స్ ఖాతాకి మాత్రం అలా కాదు. మనం మార్చేదాకా పాత పేరే చెల్లుతూ ఉంటుంది. అంటే ఒకే మనిషి ఫైల్లో ఒకచోట అన్నయ్య పేరు ఉన్నా లేనట్టే, ఇంకోచోట ఉన్నది ఉన్నట్టే. మనకే తికమకగా ఉంటే ఇంట్లో వాళ్ల సంగతి చెప్పాలా?

ఫారాలు మార్చడం పది నిమిషాల పని. కష్టమంతా అన్నయ్యకి చెప్పడంలో ఉంది. "పెళ్లాం రాగానే నా పేరు కొట్టేశాడు" అనుకుంటారేమోనని ఆ అమ్మాయికి బెంగ. ఎవరికీ చెప్పకుండా మార్చేయొచ్చు కూడా. చాలామంది అలాగే చేస్తారు. ఆమె ఒప్పుకోలేదు. 2023 క్రిస్మస్‌కి తెనాలి వెళ్లి, భోజనాల దగ్గర ఇద్దరూ కలిసి చెప్పారు. అన్నయ్య ఏమీ మాట్లాడకుండా అన్నం ముగించి, చెయ్యి కడుక్కొచ్చి, వదినను పిలిచి, "ఒక కాగితం, పెన్ను ఇవ్వు. నావి ఎక్కడెక్కడ ఉన్నాయో నీకూ రాసిస్తాను" అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో తనకు తెలియని రెండు ఎల్ఐసీ పాలసీల సంగతి వదినకు ఆ మధ్యాహ్నం తెలిసింది. సంతోషించాలో పోట్లాడాలో తెలియలేదని ఆవిడే నాతో చెప్పింది.

2024లో వాళ్ల క్రిస్మస్ మెదక్‌లోనే. ఆ ఏడు మెదక్ చర్చికి నిండా నూరేళ్లు. 1914లో మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో పనిలేని జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ దొర దీన్ని కట్టించాడని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తెల్లవారుజామునే పాపను శాలువాలో చుట్టుకుని వెళ్లారు. ఇసుక వేస్తే రాలనంత జనం. రంగు అద్దాల కిటికీలు బయట వెలుగుంటేనే లోపల కనిపిస్తాయి. చీకట్లో వెళ్లిన పాపకు అవి నల్లటి గోడలే. సూర్యుడు వచ్చాక పశువుల పాక, బాలయేసు రంగుల్లో బయటపడేసరికి, "నాన్నా, ఎవరో లైటేశారు" అని గట్టిగా అరిచిందట. ప్రసంగం మధ్యలో.

మూడు రోజుల తర్వాత 28, నాలుగో శనివారం. సెలవు కోసం ఎవర్నీ బతిమాలాల్సిన పని లేకుండా వచ్చిన పెళ్లిరోజు. కింద వాటా ఇంటివాళ్లకు అరిసెల పళ్లెం ఇచ్చారు. వాళ్లు సకినాలు వేసి పళ్లెం తిరిగిచ్చారు. రాత్రి పాప పడుకున్నాక స్టీలు పెట్టె తీశారు. ఇది వాళ్లకు ఇప్పుడు అలవాటు. ముప్పావు గంట పడుతుంది. ఖాతాలు, పాలసీలు, లోను బాకీ, ఎవరికి చేబదులు ఇచ్చాం, ఎవరి దగ్గర తీసుకున్నాం, అన్నీ ఆమె తన లెక్కల నోటుబుక్కులో రాస్తుంది. పోయిన ఏడుకీ ఈ ఏడుకీ తేడా కింద గీత గీస్తుంది. తర్వాత ఐస్‌క్రీము. మా కోర్సులో దీన్ని కంటింజెన్సీ ప్లానింగ్ అనేవారు, పవర్ పాయింట్ ఉండేది. ఐస్‌క్రీము ఉండేది కాదు.

ఈ ఏడు పెట్టెలోకి రెండు కొత్త విషయాలు వస్తున్నాయి. మొదటిది మీకందరికీ తెలిసిందే. నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో రాయొచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరని వరస పెట్టొచ్చు. లాకరుకైతే వరస పద్ధతి మాత్రమే. ఈ వార్త రాగానే ఆమె, "ఒక ఖాతాలో బావగారి పేరు మళ్లీ పెట్టండి" అంది. పెట్టాడు. డెబ్బై ఐదు శాతం ఆమెకు, ఇరవై ఐదు అన్నయ్యకు.

అక్కడే రెండో సంగతి వచ్చింది. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప, దానికి యజమాని కాడు. సుప్రీంకోర్టు 2010లో బ్యాంకు ఖాతాల విషయంలోనే ఈ మాట చెప్పింది. వీలునామా లేకపోతే వారసత్వ చట్టం ప్రకారమే పంపకం. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి చట్టంలో భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగతా రెండు వంతులు. పిల్లలున్నప్పుడు అన్నదమ్ములకు ఏమీ రాదు. అన్నయ్యకు నిజంగా ఆ పాతిక శాతం చేరాలంటే వీలునామా రాయాలి. ఇంకో మాట, ఇది మా వాళ్లు చాలామందికి తెలియదు. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దయిపోతుంది. హిందువులకు ఈ నియమం లేదు, మాకుంది. ఈ వయసులో వీలునామా ఏమిటి, అపశకునం అంటారు. ఆ ఇంట్లో 2009 క్రిస్మస్ చూసిన మనిషి ముందు ఆ మాట ఎవరూ అనలేదు.

ఈ డిసెంబరు 28 ఆదివారం. అన్నయ్య, వదిన తెనాలి నుంచి, వాళ్లత్తగారు గుంటూరు నుంచి మెదక్ వస్తున్నారు. ఉదయం చర్చి, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం వీలునామా మీద సాక్షి సంతకాలు. ఆస్తిలో వాటా పొందేవాళ్లు సాక్షులుగా ఉండకూడదు గనుక అన్నయ్య పనికిరాడు. అందుకని ఒక సాక్షిగా కింద వాటా ఇంటాయన, రెండో సాక్షిగా నేను. మా ఆవిడకు బిర్యానీ సంగతి మాత్రమే చెప్పాను. మిగతాది ఆమె ఇప్పుడే వింటోంది, నావైపు చూస్తోంది. మా స్టీలు పెట్టె కూడా ఈ నెలలోనే బయటకు వచ్చేట్టుంది.

తెర పక్కన గొర్రెపిల్ల వేషం వేసిన అబ్బాయి అప్పుడే రెండుసార్లు తొంగి చూశాడు, దూది తోక ఊడిపోయేట్టుంది. పిల్లల నాటిక మొదలుపెట్టనివ్వండి. సెలవు.