నడవడానికి దారి, కూర్చోవడానికి నీడ
(గుంటూరులో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్టణాల్లో పదిమంది మసలే స్థలాలు ఎలా ఉండాలో మాట్లాడమన్నారు. మహానగరాల సంగతి అలా ఉంచి, మన గుంటూరు సంగతే చూద్దాం.

మన పల్లెల్లో రచ్చబండకు ఇంజనీరెవరూ ప్లాను గీయలేదు. ఒక రావిచెట్టో వేపచెట్టో, దాని చుట్టూ అరుగు. గేటు లేదు, టిక్కెట్టు లేదు. అయితే అన్ని కులాలవారికీ, ఆడవారికీ అక్కడ సమానంగా చోటు దక్కలేదన్నదీ నిజమే. ఆ లోటును పట్టణం తీర్చాలి. నీడను మాత్రం పోగొట్టుకోకూడదు.

బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైను నెంబరు, అడ్డరోడ్డు నెంబరు చెబితే చాలు, కొత్తవాడైనా ఇల్లు పట్టుకుంటాడు. నడిచే మనిషికి ఇంతకంటే వీలైన అమరిక ఏముంటుంది? కానీ రోడ్డు అంచున మోటారు సైకిళ్లు, మురుగుకాలువ మీద దుకాణం మెట్లు వచ్చి కూర్చుంటే, మనిషి నడిరోడ్డు మీదికి రాక తప్పదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో కూడా ఫుట్‌పాత్ మీద అడ్డులేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మించితే మోకాళ్ల నొప్పులవారు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఒక చిన్న లెక్క చూడండి. సెకనుకు 1.2 మీటర్ల నడకతో 15 మీటర్ల రోడ్డు దాటడానికి 13 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దవారికి 19 సెకన్లు కావాలి. ఆ ఆరు సెకన్లకు భయపడి గడప దాటనివారు మనలోనే ఉన్నారు. పింఛను సకాలంలో అందినా, నలుగురిలోకి వెళ్లలేకపోతే ఆ విశ్రాంత జీవితం ఏం విశ్రాంతి?

తోపుడుబండ్లను తరిమేస్తే దారి బాగుపడుతుందని కొందరంటారు. నేనలా అనుకోను. సాయంత్రం పూలబండి, పళ్లబండి ఉన్న వీధిలో ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. వీధి వర్తకులకు తగిన చోటు చూపాలని 2014 నాటి చట్టమే చెబుతున్నది. వారికీ చోటుండాలి, మనకూ దారుండాలి.

2025లో శంకర్‌విలాస్ వద్ద కొత్త వంతెన పనులు మొదలయ్యాయి. వంతెన అనగానే ఎన్ని కార్లు పడతాయని అడుగుతాం. చేతికర్రతో వచ్చే మనిషి అటునుంచి ఇటు ఎలా వస్తాడని కూడా అడగాలి.

అందుకే నా మనవి. సభ్యులందరూ ఒక్కరోజు తమ వీధిలో నడిచి, నీడ ఎక్కడ లేదో, బల్ల ఎక్కడ కావాలో, మరుగుదొడ్డి ఎంత దూరమో, ఎక్కడ రోడ్డు మీదికి దిగవలసి వచ్చిందో రాసి సంఘానికి ఇవ్వండి. వాటన్నిటినీ కలిపి నగరపాలక సంస్థకు వినతిపత్రంగా సమర్పిద్దాం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎందరివో అర్జీలు పరిశీలించాం. ఈ అర్జీ మనమే పెట్టుకుందాం.