‘కారణం’ గడిలో ఏం రాశాం?
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఆగస్టు 9న మాలాంటి వాళ్లకి ‘విద్య ప్రాముఖ్యత’ అనే అంశం ఇస్తారు. మేం చెప్పిందే చెప్తాం, మీరు కొట్టిన చప్పట్లే కొడతారు. ఈసారి అలా వద్దని సంఘం వాళ్లని ముందే అడిగి పెట్టుకున్నాం. మా హాస్టల్లో పదో తరగతి దాకా ఉండి, ఇప్పుడు తిరుపతిలో జర్నలిజం చదువుతున్న ఒక పాప సంగతి చెప్తాం. పేరు మాత్రం చెప్పం. ఆ పాపే వద్దంది. ఎందుకు వద్దందో వింటే మీకే తెలుస్తుంది. ఇక్కడ ‘మేం’ అంటే వార్డెన్ ఒక్కటే కాదు, వంట చేసే అక్క, కాపలా అన్న, సాయంత్రం చదివించే ట్యూటరమ్మ, అందరం. ఇందులో మెచ్చుకోలుందంటే అందరిదీ. తప్పుందంటే అది కూడా అందరిదీ.

ఆ పాపది సముద్రానికీ బకింగ్‌హాం కాలువకీ మధ్య ఉన్న యానాది కాలనీ. వాళ్లమ్మ కాలువ గట్టున ఎండ్రకాయలు పట్టి అమ్ముతుంది. మూడో తరగతిలో మా దగ్గరికి వచ్చినప్పుడు నెల రోజులు నోరు విప్పలేదు. మాటలు రావేమో, డాక్టరుకి చూపిద్దామా అని కూడా అనుకున్నాం. ఒకరోజు ఆదివారం గుడ్లు లెక్క తగ్గాయని వంటక్క అరుస్తుంటే, మెల్లగా వచ్చి ఎవరు రెండో గుడ్డు తీసుకున్నారో, ఏ వరసలో నిలబడి తీసుకున్నారో చెప్పింది. మాటలు రాక కాదు, చూస్తా ఉండింది అని అప్పుడు అర్థమైంది. (రెండో గుడ్డు తిన్న పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఇక్కడే ఉంది, నవ్వుతోంది.)

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ పాప ఇంటికి వచ్చి, ఒక సాయంత్రం హాస్టల్లో మా పిల్లలతో కూర్చుంది. పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, “అక్కా, నువ్వు టీవీలో ఎప్పుడు కనపడతావు?” అని. “కనపడే ఉద్యోగం కాదు ఇది, చూసే ఉద్యోగం” అంది.

కాలేజీలో మొదటి వారం వాళ్ల సారు, బస్టాండు నుంచి క్లాసు దాకా ఏం చూశారో రాసుకుని రమ్మన్నారంట. చాలామంది పది లైన్లు రాశారు. ఈ పాప నాలుగు పేజీలు రాసింది. ఎట్లా వచ్చింది అంటే, “మా అమ్మ ఎండ్రకాయల బొక్క చూసినట్టు చూశా” అంది. బొక్క ముందు మట్టి తడిగా ఉందా, ఎండిపోయిందా, కాళ్ల గీతలు లోపలికి పోయాయా, బయటికి వచ్చాయా. ఇవి చూడకుండా కొక్కెం పెడితే చెయ్యి నొప్పి తప్ప ఏం మిగలదు. ఆ పని రోజూ చూసిన బిడ్డకి బస్టాండు ఒక లెక్కా? బీఈడీలో మాకు పరిశీలనా నైపుణ్యం గురించి ఒక అధ్యాయమే ఉండేది. పరీక్షకి బట్టీ పట్టాం. మన కాలనీల్లో ఆ నైపుణ్యం తట్టలో ఎండ్రకాయల్ని మోసుకుంటూ పోతుంటే మాత్రం గుర్తుపట్టలేదు.

ఇంకా చాలా చెప్పింది. మనిషి పేరు రాసేటప్పుడు ‘ఇట్లానే రాస్తారా’ అని అడిగి రాయాలి. తాను చూసింది ఒకవైపు, ఎవరో చెప్తే విన్నది ఇంకోవైపు రాసుకోవాలి, రెండూ కలపకూడదు. ఒకరు చెప్పిన మాటని ఇంకొకరి దగ్గర సరిచూసుకోవాలి. టైపింగు సంగతి చెప్తూ ఒక పూట తీసుకుంది. ఫోన్లో తెలుగు టైపు చేస్తే అందరికీ వచ్చినట్టే ఉంటుంది. కానీ పేపరు ఆఫీసుల్లో చాలా ఏళ్లుగా అను ఫాంట్లు నడిచాయి. ఆ కీబోర్డు వేరు, యూనికోడ్ వేరు. ఒకదాన్లో కొట్టింది ఇంకోదాన్లోకి తెస్తే ఒత్తులు ఎక్కడివక్కడ చెదిరిపోతాయి. తోటి పిల్లలకి ల్యాప్‌టాప్‌లుంటే ఈమె సాయంత్రాలు కాలేజీ ల్యాబు మూసేదాకా కూర్చుని రెండూ నేర్చుకుంది. మెయిలు పంపేటప్పుడు పైన విషయం అని ఒక గడి ఉంటుందని, అది ఖాళీగా వదిలితే ఎవరూ తెరవరని మొదటి ఏడాది ఎవరూ చెప్పలేదంట. స్కాలర్‌షిప్పు ఎప్పుడు పడుతుందో దేవుడికే ఎరుక కాబట్టి, రోజుకి ఎంత ఖర్చయిందో రాసుకునే పుస్తకం ఒకటి పెట్టుకుంది. పిల్లలకి అది కూడా చూపించింది. టీ అని రాసి, కొట్టేసి, మళ్లీ టీ అని రాసిన రోజులున్నాయి అందులో.

మాట సంగతి వచ్చినప్పుడు మేం తల దించుకున్నాం. ‘పోబాక’, ‘ఈడ’, ‘ఆడ’ అంటే క్లాసులో నవ్వారంట. ఇప్పుడు క్లాసులో ఒకలాగా, ఇంటి దగ్గర ఒకలాగా మాట్లాడటం నేర్చుకుంది. వార్త రాసేటప్పుడు మాత్రం మనిషి ఎట్లా చెప్తే అట్లానే కొటేషన్లలో పెడుతుంది. ఆ క్లాసు వాళ్లకంటే ముందు ఆ మాటల్ని దిద్దింది మేమే. ‘అలా అనకూడదు, ఇలా అనాలి’ అని పదేళ్ల పిల్లని నిలబెట్టి చెప్పించింది మేమే.

మన పిల్లలు జర్నలిజానికి పోవడం ఎందుకు, టీచరు ట్రైనింగో నర్సింగో అయితే అన్నం పెడుతుంది కదా అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పేపర్లలో చేరే పిల్లలకి మొదట్లో జీతాలు ఎంతో మాకూ తెలుసు. కానీ ఒక్క సంగతి చూడండి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి దక్షిణాది కులాల గురించి ఏడు సంపుటాలు వేశాడు. అందులో యానాదుల గురించి చాలా పేజీలున్నాయి. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం కింద మనవాళ్లని కూడా చేర్చి, పుట్టుకతోనే దొంగలన్నట్టు లెక్క రాసుకున్న కాలం ఉంది. ఆ చట్టం పోయింది 1952లో. వెన్నెలకంటి రాఘవయ్య గారు మనకోసం జీవితమంతా తిరిగి, 1962లో ‘ది యానాదీస్’ అని ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఆయనకి మనం ఎంతో రుణపడి ఉన్నాం. చెడ్డగా రాసినవాళ్లున్నారు, మంచిగా రాసినవాళ్లున్నారు. అందరూ బయటనుంచి వచ్చి రాసినవాళ్లే. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవి విడిచి వచ్చిన కుటుంబాల్లో ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. 1971లో మొదటి రాకెట్ ఎగిరిన సంగతి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ ముసలివాళ్లని కూర్చోబెట్టి అడిగి రాసుకునే పని ఎవరిది?

అక్షరానికి ఎంత బలముందో మన జిల్లాకి వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. అక్షరాస్యత ఉద్యమంలో వాచకంలో చదువుకున్న ఒక కథ దూబగుంట ఆడవాళ్లని సారా దుకాణం మీదికి నడిపించింది. 1992లో అక్కడ మొదలైన కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం దాకా పోయింది. పేపర్లు కూడా దాన్ని రోజూ రాశాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది కదా. ఆ కాలంలో తీరం ఎట్లా ఉంటుందో రాసుకుని రమ్మని కాలేజీలో పని ఇచ్చారు. మిగతా పిల్లలు ఒడ్డుకి లాగిన బోట్ల గురించి, భృతి గురించి రాశారు. మా పాప, బోటు లేనివాళ్ల గురించి రాద్దామనుకుంది. వాళ్లమ్మకి బోటు లేదు, వల లేదు, కొక్కెం ఉంది. అట్లా కాలనీలు తిరుగుతూ తిరుగుతూ తనకి వరసకి మామ అయ్యే ఒకాయన కాపలా ఉన్న రొయ్యల గుంటల దగ్గరికి పోయింది. ఊరు చెప్పం, గుంట ఎవరిదో చెప్పం.

ఆ మామ అడ్వాన్సు తీసుకుని నాలుగేళ్లయింది. ఇంట్లో జబ్బు చేస్తే తీసుకున్నాడు. అప్పటినుంచి మొగుడూ పెళ్లాం రాత్రీ పగలూ గుంట గట్టు మీదే ఉంటున్నారు. మేత వేయాలి, గాలి చక్రాలు ఆగకుండా చూడాలి. జీతంలో పట్టుకుంటూ పోయినా బాకీ తగ్గలేదు, పెరిగింది. ఎంత ఉందో ఆయనకి తెలియదు, పుస్తకం ఆయన దగ్గర లేదు. ఊళ్లో చావు జరిగితే ఒకరు పోవచ్చు, ఇద్దరూ పోకూడదు. పిల్లలిద్దరూ గట్టు మీద రేకుల పాకలో ఉన్నారు. పాప అంతా రాసుకుంది, ఫోటోలు తీసింది. పాక ముందు చిన్నపిల్ల మేత బకెట్టు పట్టుకుని నిలబడిన ఫోటో చాలా బాగా వచ్చింది. మేం చూశాం. చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. సారు కూడా, ఇది కాలేజీ పని కాదు, పెద్ద పేపరుకే పంపుదాం అన్నారంట.

పంపే ముందు పాప ఆ మామకి ఫోన్ చేసి చెప్పింది. అది కూడా నేర్చుకున్న పనే, రాసేముందు వాళ్లకి చెప్పడం. ఆయన, “ఫోటో పెట్టబాక పాపా. నువ్వు తిరపతి పోతావు, మేం ఈడనే ఉండాల” అన్నాడు.

ఆ రాత్రి పదకొండు గంటలకి మాకు ఫోన్ వచ్చింది. ఫోటో పెడితే తనకి పేరు వస్తుంది, ఎక్కడో ఉద్యోగం కూడా రావచ్చు. మామకి ఏమవుతుందో తెలియదు. పెట్టకపోతే ఆ పిల్లలు అక్కడే ఉంటారు. “ఏం చేయమంటారు మేడం?” అంది. మా దగ్గర జవాబు లేదు. పిల్లల పేర్లు అడిగాం. చెప్పింది. ఎక్కడో విన్నట్టు అనిపించింది. పొద్దున్నే రిజిస్టర్లు తీశాం. మూడేళ్ల కిందట మా హాస్టల్ నుంచి సంక్రాంతికి ఇంటికి పోయి తిరిగి రాని పిల్లలు వాళ్లిద్దరూ. బడి మానేసిన వాళ్ల జాబితాలో పేర్లున్నాయి. పక్కన ‘కారణం’ అనే గడి ఉంది. అందులో మా చేతిరాతతోనే ఉంది: ‘తల్లిదండ్రుల అశ్రద్ధ’.

పాపకి ఆ మాట చెప్పాం. కాసేపు ఏం అనలేదు. తర్వాత, “ఎవరు చెప్తే రాశారు మేడం?” అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగా, వార్త సరిచూసుకునేటప్పుడు అడిగినట్టే అడిగింది. ఎవరూ చెప్పలేదు. మేం వాళ్ల ఇంటికి పోలేదు. జాబితా సాయంత్రానికల్లా పంపాలి కాబట్టి రాశాం. ఆ పేజీలో ఇంకా తొమ్మిది పేర్ల పక్కన అదే మాట ఉంది.

పాప ఆ ఫోటో ఎక్కడా పెట్టలేదు. పేర్లు, ఊరు లేకుండా, ముఖాలు లేకుండా, అడ్వాన్సు బాకీ ఎట్లా పెరుగుతుందో మాత్రం రాసింది. కాలేజీలో మార్కులు బాగానే వచ్చాయి. పేపరు వాళ్లు ఫోటో, ఊరు పేరు లేకుండా వేసుకోమన్నారు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తెలుగులో వెతికి చదివి మామకి వినిపించింది. అట్లాంటి బాకీ తీర్చాల్సిన పని లేదని చట్టంలోనే ఉంది. ఆయన విని, “చట్టం బాగుంది. రేపట్నించి యాడ ఉండాల?” అన్నాడంట. అధికారులకి చెప్పాలా వద్దా అన్నది ఆయనే తేల్చుకోవాలని పాప అంటోంది. మా వంటక్క మాత్రం, అట్లా చూస్తా కూర్చుంటే ఎప్పటికి తేలుతుంది అంటోంది. మా స్టాఫు గదిలోనే ఈ వాదం ఇంకా తెగలేదు.

జరిగిందల్లా ఒక్కటే. జూన్‌లో మేం ముగ్గురం ఆ గట్టు మీదికి పోయాం. గుంట కాపలాకి పిల్లలతో పని లేదు కదా, పిల్లల్ని పంపండి అని అడిగాం. పెద్దదాని వయసు తరగతికి మించిపోయింది. అయినా ఇద్దర్నీ చేర్చుకున్నాం. బాకీ అట్లానే ఉంది. తల్లి నెలకోసారి వస్తుంది, ఒక్కతే.

మిగిలిన తొమ్మిది పేర్లకీ ఒక్కో ఆదివారం ఒక్కో ఇంటికి పోతున్నాం. ఇప్పటికి ఐదు ఇళ్లు అయ్యాయి. ఒక బిడ్డకి ఆధార్ లేదు, అందుకని చేర్చుకోలేదంట. ఒకరి ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునే మనిషి లేదు. ఒక పాపకి పెళ్లి చేశారు. ఇద్దరు వలస పోయిన వాళ్లతో పోయారు. ఐదింటిలో ఒక్కచోట కూడా మేం రాసిన మాట సరిపోలేదు.

సమాచార హక్కు చట్టం గురించి కూడా పాప పిల్లలకి చెప్పింది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది, ముప్పై రోజుల్లో జవాబు రావాలి అని. చెప్పగానే తొమ్మిదో తరగతి పిల్లలు గుసగుసలాడుకున్నారు. మొదటి అర్జీ మా హాస్టల్ మెనూ మీదే వస్తుందని మాకు అనుమానం. రానివ్వండి, గుడ్ల లెక్క సరిగానే ఉంది.

దసరా సెలవులకి ఆ పాప మళ్లీ వస్తోంది. పెద్ద పిల్లలకి పదిరోజులు టైపింగు నేర్పుతానంది. పెద్దవాళ్ల మాటలు అడిగి రాసుకోవడం కూడా. మా దగ్గర ఒకే కంప్యూటర్ ఉంది, దానికి మౌస్ పని చేయదు. మీలో ఎవరింట్లోనైనా వాడకుండా పక్కన పెట్టిన కంప్యూటర్లుంటే భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి. అట్లాగే శ్రీహరికోట నుంచి వచ్చిన తాతలు, అవ్వలు మీ కాలనీల్లో ఉంటే, వాళ్ల పేర్లు, ఏ కాలనీనో ఒక కాగితం మీద రాసివ్వండి. మా పిల్లలే వస్తారు, కూర్చుని వింటారు.