ర్యామ్ పెంచాలా, గ్రాఫిక్స్ కార్డు కొనాలా? స్వయం ఉపాధి యూనిట్ల వారికి వివరణ

(స్వయం ఉపాధి రుణాల లబ్ధిదారుల అవగాహన సదస్సులో జిల్లా పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగ పాఠం. ఫోటో స్టూడియో, వీడియో మిక్సింగ్, డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ యూనిట్లు నడిపేవారికి ఉద్దేశించినది. తెలిసినవారికి పంపండి.)



దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి, ఏ కాగితాలు జతచేయాలి అన్నది పొద్దున్నే కార్పొరేషన్ వాళ్లు, బ్యాంకు వాళ్లు చెప్పారు. అది మళ్లీ చెప్పను. డబ్బు మంజూరయ్యాక కొటేషన్‌లో ఏం రాయించాలి అన్న చోట మన యూనిట్లు చాలా వరకు తడబడుతున్నాయి. దాని గురించే నా మాట. నేను జర్నలిజం చదివినవాణ్ని, ఇంజనీరును కాను. కానీ మా శాఖలో రోజూ ఫోటోలు, వీడియోలే పని. నెమ్మదించిన కంప్యూటర్‌తో కుస్తీ పట్టడం మాకూ అలవాటే.

ఒకసారి లెక్క వేసుకోండి. ముద్ర రుణంలో శిశు కేటగిరీ గరిష్ఠ పరిమితి 50 వేల రూపాయలు. కార్పొరేషన్ ద్వారా వచ్చేదైనా, సంఘం ద్వారా తీసుకున్నదైనా చిన్న యూనిట్‌కు చేతికొచ్చే మొత్తం దాని చుట్టుపక్కలే ఉంటుంది. అందులో ప్రింటరో, కెమెరా లెన్సో, దుకాణం అడ్వాన్సో పోగా పాత కంప్యూటర్ బాగుచేసుకోడానికి పది, పదిహేను వేలు మిగిలితే గొప్ప. దాంతో ర్యామ్, కార్డు రెండూ రావు. ఒకటే ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే ఏమవుతుంది? కంప్యూటర్ ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంటుంది, కిస్తీ మాత్రం నెలనెలా టైముకు వస్తుంది. కొటేషన్ ఇచ్చిన షాపు పేరు మీదే చాలా బ్యాంకులు డబ్బు పంపుతాయి కాబట్టి, తర్వాత "ఇది కాదు, అది కావాలి" అంటే కుదరడం కష్టం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "2 జీబీ కార్డు వేస్తే మొత్తం మెమొరీ 2 జీబీ పెరుగుతుంది కదా సార్" అని చాలామంది అడుగుతారు. పెరగదు. కార్డు మీద ఉండే మెమొరీ కార్డు సొంతం. ఫోటోషాప్‌లో మీ షీట్ ఉండేది, విండోస్ ఉండేది, బ్రౌజర్‌లో మీరు మూయకుండా వదిలేసిన ఇరవై ట్యాబ్‌లు ఉండేది ర్యామ్‌లోనే. దానికి ఉల్టా మాత్రం కొంత నిజం. కార్డు లేని కంప్యూటర్‌లో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీ ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటుంది.

ఇప్పుడు మీ పని ఎంత మెమొరీ తింటుందో చూద్దాం. పెళ్లి ఆల్బమ్ షీట్ 12 అంగుళాలు బై 36 అంగుళాలు, 300 డీపీఐ అనుకోండి. అంటే 3,600 ఇంటూ 10,800. మొత్తం 3 కోట్ల 88 లక్షల 80 వేల పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు. షీట్ నిండా ఉండే ఒక్క లేయర్‌కే దాదాపు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండు, పూల డిజైను, వధూవరుల ఫోటో, దాని మీద లైటింగ్ ఎఫెక్టు, ఇట్లా పది లేయర్లు నిండుగా వేస్తే ఒక జీబీ దాటిపోయింది. వెనక్కి వెళ్లడానికి ఫోటోషాప్ దాచుకునే హిస్టరీ అదనం. పక్కనే తెరిచి ఉంచిన 24 మెగాపిక్సెల్ ఫోటోలు ఒక్కోటి 72 ఎంబీ.

ఫ్లెక్సీ వాళ్లు మాకు అంత ఉండదనుకుంటారు. 10 అడుగులు బై 8 అడుగుల ఫ్లెక్సీ 72 డీపీఐలో చేసినా 8,640 ఇంటూ 6,912, దాదాపు 6 కోట్ల పిక్సెల్స్. ప్రింటింగ్ కోసం నాలుగు రంగుల మోడ్‌లో ఉంటే లేయర్‌కు దాదాపు 239 ఎంబీ. ఆల్బమ్ షీట్‌కు రెట్టింపు! ఎన్నికల సీజన్‌లో ఒక్కో ఫ్లెక్సీ మీద ఎంతమంది నాయకుల ముఖాలు పడతాయో మీకు నేను చెప్పాలా.

8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో విండోస్, యాంటీవైరస్, బ్రౌజర్ తమ వాటా తీసుకున్నాక ఫోటోషాప్‌కు మిగిలేది సగం కావచ్చు. చాలకపోతే మిగతాది హార్డ్ డిస్క్ మీద రాస్తుంది. అక్కడే గడియారం తిరుగుతూ కూర్చుంటుంది. అది గ్రాఫిక్స్ లోపం కాదు, జాగా లోపం.

షాపుకు వెళ్లేముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పరీక్ష ఒకటుంది. పైసా ఖర్చు లేదు. మీకు ఎక్కువ విసుగు తెప్పించే పనే తెరవండి. పెద్ద షీట్ కావచ్చు, వీడియో టైమ్‌లైన్ కావచ్చు. అది నెమ్మదించిన క్షణంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ అన్న చోట ప్రాసెసర్, మెమొరీ, డిస్క్, జీపీయూ వరుసగా కనిపిస్తాయి. ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు తీసిన ఫోటో పనికిరాదు, పని చేస్తున్నప్పుడే తీయాలి. మెమొరీ 90 శాతం దాటి, డిస్క్ కూడా 100కు తగిలి, జీపీయూ కింద పడుకుని ఉంటే మీకు కావాల్సింది ర్యామ్. మెమొరీ 60 దగ్గర నిలకడగా ఉండి జీపీయూ పైకప్పుకు తగులుతుంటే కార్డు గురించి ఆలోచించండి. ప్రాసెసర్ ఒక్కటే 100 చూపిస్తుంటే రెండింటిలో ఏది కొన్నా పెద్దగా మార్పు రాదు. ఆ డబ్బు దాచుకోండి.

ఫోటోషాప్ వాళ్లకు ఇంకో గుర్తు ఉంది. ఫైల్ విండో అడుగున చిన్న బాణం నొక్కి ఎఫిషియెన్సీ ఎంచుకోండి. 100 శాతం ఉంటే మెమొరీ సరిపోతోంది. అంతకన్నా కిందికి దిగుతూ ఉంటే డిస్క్ మీద రాస్తోందని అర్థం.

ఒక చెల్లెలు చూపించిన ఫోటో చెబుతాను. మండల కేంద్రంలో స్టూడియో, ఆల్బమ్ డిజైనింగ్. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్. "ఫోటోల పని కాబట్టి గ్రాఫిక్స్ కార్డు వేయాలి" అని షాపులో కొటేషన్ రాసిచ్చారు. ఆమె తీసిన ఫోటోలో మెమొరీ 94 శాతం, జీపీయూ 6 శాతం. ఇక వాదన ఏముంది? కొటేషన్ మార్పించుకుని ఇంకో 8 జీబీ స్టిక్ వేయించింది. పెళ్లిళ్ల సీజన్ మొదలవక ముందే ఆ పని అయిపోవడం ఆమె అదృష్టం.

ఆమెకు దాంతో ఇంకో లాభం కూడా కలిగింది. ఒకే స్టిక్ బదులు ఒకే రకం రెండు స్టిక్‌లు సరైన స్లాట్లలో ఉంటే ప్రాసెసర్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి. దీన్నే డ్యూయల్ చానల్ అంటారు. విడిగా కార్డు లేని కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కూడా ర్యామ్ మీదే నడుస్తుంది కాబట్టి ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

అలాగని ప్రతి ఒక్కరూ ర్యామే కొనమని కాదు. వీడియో మిక్సింగ్‌లో సంగతి సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారిపోతుంది. డావిన్చి రిజాల్వ్ వాడేవాళ్లకు కార్డే ప్రాణం. కలర్ గ్రేడింగ్, నాయిస్ తగ్గించడం అంతా దాని మీదే. జీపీయూ మెమొరీ నిండిపోయిందని తెర మీదే మెసేజ్ ఇస్తుంది, అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ప్రీమియర్ ప్రోలో కూడా ఎఫెక్టులు, స్కేలింగ్ కార్డు మీద వేగంగా నడుస్తాయి. ఎడియస్ పాత వెర్షన్లు ఎక్కువగా ప్రాసెసర్ మీద, ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే క్విక్ సింక్ మీద ఆధారపడతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని మదర్‌బోర్డుల్లో విడి కార్డు పెట్టగానే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఆగిపోతుంది, దాంతోపాటు క్విక్ సింక్ కూడా. కార్డు వేశాక ఎక్స్‌పోర్ట్ ఇంకా నెమ్మదించిందని వచ్చేవాళ్లు బయాస్‌లో ఆ సెట్టింగ్ ఒకసారి చూపించుకోండి. ఫోటోల్లో ఏఐ డీనాయిస్ ఎక్కువగా వాడేవాళ్లకు కూడా కార్డు ఉంటే నిమిషాల పని సెకన్లలోకి దిగుతుంది. ఇక ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, ఉదాహరణకు ఐ5 12400ఎఫ్, దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు.

డీటీపీ వాళ్లు మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేసేవారికి రెండూ పెద్దగా అవసరం లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది 32 బిట్ ప్రోగ్రామ్. మీరు 32 జీబీ పెట్టినా అది తినే ముద్ద అంతే.

32 బిట్ అన్నాను కాబట్టి, మీ విండోస్ కూడా 32 బిట్ అయితే 4 జీబీ మించి ర్యామ్ వాడుకోలేదు. ఇంకా అట్లాంటి కంప్యూటర్లు మన దగ్గర ఉన్నాయి. ముందు 64 బిట్ వేయించండి, తర్వాత ర్యామ్.

హార్డ్ డిస్క్ పాత రకం తిరిగేది అయితే, నన్నడిగితే ఈ రెండింటికన్నా ముందు ఎస్ఎస్‌డీ వేయించమంటాను. కొటేషన్ రాసే షాపు వాళ్లు ఎందుకో దాని పేరు చివర్లో ఎత్తుతారు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఇక చెబుతాను. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి ఉండే చోటే వేరు. ల్యాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌ది పొడవు. టాస్క్ మేనేజర్ మెమొరీ పేజీలో కిందనే వేగం ఎంత, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయి అని రాసి ఉంటుంది. దాన్నీ ఫోటో తీసి షాపులో చూపించండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడానికి వీలుండదు. సాధారణ ల్యాప్‌టాప్‌కు లోపల గ్రాఫిక్స్ కార్డు మార్చడం అన్నదే లేదు.

కార్డు అయితే ముందు ఎస్ఎంపీఎస్ సంగతి తేల్చుకోండి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు వచ్చే కరెంటు 75 వాట్లే. అంతకుమించి కావాలంటే ఎస్ఎంపీఎస్ నుంచి విడి వైరు రావాలి. 6 పిన్‌ది ఇంకో 75, 8 పిన్‌ది 150 వాట్లు ఇస్తుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద పెద్ద కార్డు వేయడమంటే ఎడ్లబండికి లారీ సరుకు ఎక్కించడమే. కార్డు డబ్బుతో పాటు ఎస్ఎంపీఎస్ డబ్బు కూడా బడ్జెట్‌లో కలిపి చూసుకోండి. అప్పుడు చాలాసార్లు లెక్క ర్యామ్ వైపే మొగ్గుతుంది.

పేరు చూసి మోసపోవద్దు. జీటీ 1030 అన్న ఒకే పేరుతో రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5 మెమొరీ ఉన్నది ఒకటి, డీడీఆర్4 ఉన్నది ఇంకొకటి. రెండోది చాలా నెమ్మది. జీటీ 710 లాంటివి తెర మీద బొమ్మ రావడానికే, ఎడిటింగ్‌కు కాదు. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే వాటిలో పాత కార్డుకు కొత్త పేరు వేసి అమ్మేవి ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ అట్లాంటివాటిని చాలావరకు పట్టేస్తుంది. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచి అలసిపోయిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చాయి. వారంటీ లేని కార్డు రుణం డబ్బుతో కొనకండి.

కార్డు వైపు ఒక న్యాయమైన వాదన ఉంది, దాచను. రేపు కంప్యూటర్ మార్చినా కార్డు కొత్తదాంట్లోకి తీసుకెళ్లొచ్చు. డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డులో పట్టదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. మీది నాలుగో తరం కంప్యూటర్ అయితే దాని మీద పదిహేను వేలు పెట్టడం కన్నా, ఆ మొత్తాన్ని కొత్త కంప్యూటర్ కొటేషన్‌లో కలిపి అడగడం మంచిది.

ధరలు నేను చెప్పను. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, వారం వారం మారుతున్నాయి. పాత కొటేషన్ పట్టుకుని బ్యాంకుకు వెళితే తీరా కొనే రోజున డబ్బు చాలదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒకటి, మన ఊళ్లో ఒకటి, రెండు షాపుల్లో అదే రోజు రాయించుకోండి. కొటేషన్‌లో "గ్రాఫిక్స్ కార్డు 1" అని కాకుండా కంపెనీ, మోడల్, మెమొరీ రకం పూర్తిగా ఉండాలి. కంప్యూటర్ విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. ఆ ధర పన్ను కలిపినదా, కాదా అడగండి.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీకి అదే ఆధారం, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేదీ అదే. తీసేసిన పాత స్టిక్ షాపులో వదిలేయకండి, మీదే అది. భోజనాల తర్వాత పక్క హాల్లో ఒక డెస్క్‌టాప్ మూత విప్పి స్లాట్లు, ఎస్ఎంపీఎస్ లేబుల్ ఎక్కడ చూడాలో చూపిస్తారు. టాస్క్ మేనేజర్ ఫోటో ఉన్నవాళ్లు ఫోన్ తీసుకుని ముందు వరుసలోకి రండి.